ఆర్డర్‌లో ఒక పవర్, కవరు మీద ఇంకోటి, మెషీన్‌లో మూడోది: ఫైనల్ చెకింగ్‌లో దేన్ని దేనితో పోల్చాలి?

ఫైనల్_బెంచ్

నమస్కారం అండీ. ఆర్‌ఎక్స్ ల్యాబ్‌లో (ఆర్డర్ పవర్ ప్రకారం కళ్లజోడు లెన్సులు చేసే చోటు) ఫైనల్ చెకింగ్ తెలిసినవాళ్లు చెప్పాలి. ఫ్రీఫామ్ ప్రోగ్రెసివ్ జాబ్ ఇది (దూరం నుంచి దగ్గరికి పవర్ క్రమంగా మారే లెన్స్, కంప్యూటర్ లెక్కతో చెక్కినది), 1.67 ఇండెక్స్, ఫ్రేమ్‌లో బిగించి వచ్చింది. అమెరికా ఆర్డర్ కాబట్టి ఆన్సీ జెడ్80.1 (కళ్లజోడు లెన్సుల అమెరికా స్టాండర్డ్) ప్రకారం పాస్ చెయ్యాలి.

ఆర్డర్ పవర్ (స్ఫియర్ / సిలిండర్ × యాక్సిస్; యాడ్ అంటే దగ్గర చూపుకి కలిపే పవర్):
కుడి -5.50 / -2.00 × 180
ఎడమ -5.25 / -1.75 × 5
యాడ్ 2.00

లెన్స్ కవరు మీద ప్రింట్ అయిన రెండో పవర్:
కుడి -5.43 / -1.66 × 180
ఎడమ -5.18 / -1.44 × 6
యాడ్ 1.91

ఆటో లెన్సోమీటర్ (లెన్స్ పవర్ కొలిచే మెషీన్) చూపిస్తున్నది:
కుడి -5.50 / -1.75 × 179
ఎడమ -5.25 / -1.50 × 7

ఆర్డర్‌తో పోలిస్తే రెండు వైపులా సిలిండర్ 0.25 తక్కువ, అంటే రిజెక్ట్. కవరుతో పోలిస్తే పాస్ అనిపిస్తోంది. పైగా రెండు లెన్సుల్లోనూ 1 దాటి బేస్ డౌన్ ప్రిజమ్ (మందమైన వైపు కిందకి ఉండి వెలుతురుని మళ్లించే గుణం) కనిపిస్తోంది, ఆర్డర్‌లో ప్రిజమ్ అన్న మాటే లేదు. ఈ జాబ్‌ని పంపొచ్చా, వెనక్కి వెయ్యాలా? దేనితో పోల్చాలో కారణంతో సహా చెప్తే మిగతా జాబ్‌లకీ పనికొస్తుంది.

సర్ఫేస్_టు_ఫైనల్

పోల్చాల్సింది కవరు మీది పవర్‌తోనే. ఫ్రీఫామ్ జాబ్‌లలో దాన్ని చెకింగ్ పవర్ అంటారు. టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) దాని చుట్టూ లెక్కపెట్టాలి, ఆర్డర్ చుట్టూ కాదు. ఆన్సీ కూడా తయారీదారు సవరించిన పవర్ ఇచ్చినప్పుడు దానితోనే సరిచూడమంటుంది.

కారణం ఇదీ. డాక్టరు ట్రయల్ ఫ్రేమ్‌లో లెన్స్‌ని కంటికి దాదాపు నిటారుగా పెట్టి పవర్ రాస్తాడు. కళ్లజోడులో లెన్స్ కింది అంచు బుగ్గ వైపు వంగి ఉంటుంది. ఆ వంపు వల్ల స్ఫెరికల్ పవర్ కాస్త పెరుగుతుంది, దానితోపాటు కొత్తగా సిలిండర్ పుడుతుంది. లెక్క కట్టడం తేలికే. పెరిగిన పవర్ = పవర్ × (1 + వంపు కోణం సైన్ వర్గం ÷ (2 × ఇండెక్స్)). పుట్టే సిలిండర్ = పవర్ × ట్యాన్ వర్గం. ఉదాహరణకి 1.50 ఇండెక్స్‌లో -6.00 లెన్స్‌ని 15 డిగ్రీలు వంచితే అది కంటికి -6.13 / -0.43 × 180 లాగా పనిచేస్తుంది. అరకు దగ్గరి సిలిండర్ ఎవరూ రాయకుండానే వచ్చి చేరింది.

మీ జాబ్‌లో సాఫ్ట్‌వేర్ దీన్ని తిరగేసి, వంపు తేబోయే సిలిండర్‌ని ముందే తీసేసింది. కుడి లెన్స్ నిలువు మెరిడియన్ (నిలువు దిక్కులో పవర్, ఇక్కడ స్ఫియర్, సిలిండర్ కలిపినది) ఆర్డర్‌లో -7.50. వంపు 12 డిగ్రీలు అనుకుని పై సూత్రంతో వెనక్కి లెక్కేస్తే -7.09 వస్తుంది. కవరు మీద -5.43, -1.66 కలిపి చూడండి, సరిగ్గా అదే. సాఫ్ట్‌వేర్‌లు ఇంతకన్నా పెద్ద లెక్క చేస్తాయి, ప్రతి జాబ్‌లో ఇంత దగ్గరగా కుదరకపోవచ్చు. కానీ మైనస్ లెన్స్‌లో 180 దగ్గరి సిలిండర్ తగ్గడం, ఎడమ యాక్సిస్ 5 నుంచి 6కి జరగడం మాత్రం తప్పు కాదు, కావాలని చేసినవే. ఆర్డర్‌తో పోల్చి దీన్ని రిజెక్ట్ చేస్తే మళ్లీ చేసిన జత కూడా అచ్చం ఇలాగే వస్తుంది. బ్లాంక్ దండగ, రోజులు దండగ.

ఒక జాగ్రత్త. చెకింగ్ పవర్ ఆర్డర్‌లో ఇచ్చిన వంపు, ర్యాప్ (ముఖం చుట్టూ ఫ్రేమ్ తిరిగే వంపు), వెర్టెక్స్ దూరం (కంటికీ లెన్స్‌కీ మధ్య దూరం) కొలతల మీద ఆధారపడుతుంది. కవరు మీద ఆ కొలతలు అచ్చయి ఉంటే ఒకసారి చూడండి. షాపువాళ్లు ఏమీ పంపకపోతే ల్యాబ్ డిఫాల్ట్ విలువలు తీసుకుంటుంది. బాగా వంగిన స్పోర్ట్స్ ఫ్రేమ్‌కి డిఫాల్ట్ ర్యాప్ వాడి ఉంటే లెన్స్ చెకింగ్‌లో పాస్ అవుతుంది, పెట్టుకున్న మనిషికి మాత్రం తేడా కొడుతుంది.

ఇక ప్రిజమ్. ప్రోగ్రెసివ్‌లో పైభాగం మందం తగ్గించడానికి రెండు లెన్సుల్లోనూ సమానంగా బేస్ డౌన్ పెడతారు. సాధారణంగా యాడ్‌లో మూడింట రెండొంతులు, అంటే 2.00 యాడ్‌కి 1.33 దరిదాపు. రెండు కళ్లకీ సమానం కాబట్టి చూపుకి ఇబ్బంది లేదు. మీరు చూడాల్సింది రెండింటి మధ్య తేడానే. అదీ సరైన బిందువులో చూస్తేనే లెక్క. లెన్స్ మీద 34 మి.మీ. దూరంలో రెండు చిన్న ఎన్‌గ్రేవింగ్ గుర్తులు ఉంటాయి. వాటి సరిగ్గా మధ్య బిందువు దగ్గర ప్రిజమ్ చూడాలి. దూరపు పవర్ అక్కడ చూడకూడదు. ఫిట్టింగ్ క్రాస్ (కంటిపాపకి ఎదురుగా వచ్చే గుర్తు) పైన ఉండే గుండ్రటి గుర్తులో చూడాలి. మధ్య బిందువు దగ్గర అప్పటికే యాడ్ మొదలై ఉంటుంది, అక్కడ చదివితే మైనస్ లెన్స్ తక్కువ పవర్‌తో ఉన్నట్టు కనిపిస్తుంది. పెయింట్ గుర్తులు చెరిగిపోయి ఉంటే ఎన్‌గ్రేవింగ్ మీద చుక్కలు పెట్టి, ఆ డిజైన్ లేఅవుట్ చార్ట్ మీద ఆనించి మళ్లీ గీయండి. వేరే డిజైన్ చార్ట్ వాడొద్దు, ఫిట్టింగ్ క్రాస్ ఎత్తు ఒక్కో డిజైన్‌కి ఒక్కోలా ఉంటుంది.

చివరిగా, మీ మెషీన్ 0.25 స్టెప్‌లో ఉంది. ఆ రీడింగ్‌తో ఎవరూ పాస్ అనో ఫెయిల్ అనో చెప్పలేరు. సెట్టింగ్‌లో 0.01కి మార్చి మళ్లీ చదివి ఇక్కడ పెట్టండి.

ఫైనల్_బెంచ్

చాలా థాంక్స్ అండీ. 0.01కి మార్చి, పై గుండ్రం గుర్తులో మళ్లీ చూశాను.

కుడి -5.48 / -1.70 × 179
ఎడమ -5.14 / -1.40 × 7
మధ్య బిందువు దగ్గర బేస్ డౌన్: కుడి 1.35, ఎడమ 1.20

ఇప్పుడు ఆన్సీ టేబుల్‌లో ఏ వరుస చూడాలి? స్ఫియర్‌కి 0.13 అని గోడ మీద అతికించి ఉంది, ప్రోగ్రెసివ్‌కి కూడా అదేనా?

టాలరెన్స్_టేబుల్

గోడ మీది 0.13 సింగిల్ విజన్‌కి (లెన్స్ అంతా ఒకే పవర్), బైఫోకల్‌కి. ప్రోగ్రెసివ్‌కి అంకెలు వేరు, కాస్త వదులు.

ముందు అందరూ పొరబడే మాట ఒకటి. టేబుల్‌లో వరుస వెతకాల్సింది స్ఫియర్ అంకెతో కాదు. రెండు మెరిడియన్లలో ఎక్కువ పవర్ ఉన్నదానితో, ప్లస్ మైనస్ వదిలేసి చూడాలి. సింగిల్ విజన్‌లో ఆ పవర్ 6.50 వరకు ఉంటే ±0.13, దాటితే పవర్‌లో 2 శాతం. ప్రోగ్రెసివ్‌లో 8.00 వరకు ±0.16, దాటితే 2 శాతం. -5.50 / -2.00 సింగిల్ విజన్ అయితే స్ఫియర్ చూసి 0.13 అనుకుంటారు. పెద్ద మెరిడియన్ 7.50 కాబట్టి నిజానికి 0.15 వస్తుంది. పోల్చేటప్పుడు కూడా స్ఫియర్‌ని స్ఫియర్‌తో కాదు, ఆ పెద్ద మెరిడియన్‌ని దాని కొలతతోనే పోల్చాలి.

సిలిండర్‌కి సింగిల్ విజన్‌లో 2.00 వరకు ±0.13, 4.50 వరకు ±0.15, ఆ పైన 4 శాతం. ప్రోగ్రెసివ్‌లో 2.00 వరకు ±0.16, 3.50 వరకు ±0.18, ఆ పైన 5 శాతం. యాడ్ 4.00 వరకు ±0.12.

మీ జాబ్ లెక్క చూద్దాం. కుడి పెద్ద మెరిడియన్ కవరు మీద 7.09, కొలతలో 5.48 + 1.70 = 7.18. తేడా 0.09, హద్దు 0.16. సిలిండర్ తేడా 0.04. యాక్సిస్ తేడా 1 డిగ్రీ, 1.66 సిలిండర్‌కి హద్దు 2. ఎడమ 6.62కి 6.54 వచ్చింది, తేడా 0.08. సిలిండర్ 0.04, యాక్సిస్ 1 డిగ్రీ, 1.44 సిలిండర్‌కి హద్దు 3. ప్రిజమ్ తేడా 0.15, హద్దు 0.33. టేబుల్ ప్రకారం అన్నీ పాస్. యాడ్ కూడా కవరు మీది 1.91తోనే సరిచూసి వదలండి.

0.25 స్టెప్ ఎందుకు చెడ్డదో మీ రీడింగే చూపిస్తోంది. ఎడమ -5.14ని మెషీన్ -5.25 అని చూపింది. కవరు మీద -5.18. నిజానికి లెన్స్ తక్కువ వైపు పోయింది, గుండ్రం చేసిన అంకె ఎక్కువ వైపు చూపింది. ఆర్డర్ -2.00 అయితే -1.88 నుంచి -2.12 వరకు అంతా -2.00గానే కనిపిస్తుంది, -2.13 మాత్రం ఎగిరి -2.25 అవుతుంది. ఆన్సీలో -2.13 పాస్. అంటే మంచి లెన్స్ రిజెక్ట్ డబ్బాలో పడుతుంది, అంచు మీద ఉన్న లెన్స్ అచ్చంగా సరైనదిలా పాస్ అవుతుంది.

యాక్సిస్ హద్దులు ఎందుకలా ఉన్నాయో తెలిస్తే బట్టీ పట్టనక్కర్లేదు. ఆన్సీలో 0.25 వరకు 14 డిగ్రీలు, 0.50 వరకు 7, 0.75 వరకు 5, 1.50 వరకు 3, ఆ పైన ఎంతున్నా 2. యాక్సిస్ తప్పినప్పుడు మిగిలే సిలిండర్ = 2 × సిలిండర్ × సైన్ తప్పిన కోణం. 0.25కి 14 డిగ్రీలు తప్పితే 0.12 మిగులుతుంది. 0.50కి 7 తప్పినా 0.12. 0.75కి 5 తప్పితే 0.13. 1.50కి 3 తప్పితే 0.16. కంటికి జరిగే నష్టం దాదాపు సమానంగా ఉండేలా అమర్చారన్నమాట. కానీ 1.50 దాటాక టేబుల్ 2 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. 4.00 సిలిండర్‌కి 2 డిగ్రీలు తప్పితే 0.28 మిగులుతుంది. స్టాండర్డ్ పాస్ అంటుంది, మనిషి మాత్రం అక్షరాలకి నీడ కనిపిస్తోందంటాడు. అందుకే 3.00 దాటిన సిలిండర్లకి ల్యాబ్ లోపల 1 డిగ్రీ హద్దు పెట్టుకోవడం న్యాయం. స్టాండర్డ్ ఇచ్చేది బయటి గీత. దాని లోపల ఎంత దగ్గరగా ఆగాలో ల్యాబే నిర్ణయించుకోవాలి.

ఐఎస్ఓ (అంతర్జాతీయ స్టాండర్డ్) అడిగే ఆర్డర్లు వస్తే టేబుల్ మార్చాలి. ఫ్రేమ్‌లో బిగించని లెన్స్‌కి 8980 వరుస, బిగించినదానికి 21987. పెద్ద తేడా ఏమిటంటే అక్కడ రెండు మెరిడియన్లూ విడివిడిగా హద్దులో ఉండాలి. సింగిల్ విజన్‌లో 9.00 వరకు ±0.12, 12.00 వరకు ±0.18, 20.00 వరకు ±0.25. -8.00 లెన్స్ 0.15 తప్పితే ఆన్సీలో పాస్, ఐఎస్ఓలో ఫెయిల్. చిన్న పవర్లలో సిలిండర్ కూడా బిగువే. 3.00 లోపు లెన్స్‌లో 0.75 వరకు సిలిండర్‌కి ±0.09 మాత్రమే ఇస్తారు. ఒకే బెంచ్ మీద రెండు రకాల ఆర్డర్లు వస్తుంటే జాబ్ కార్డు మీద ఏ స్టాండర్డో రాసి ఉండాలి. గుర్తుంచుకుని చెయ్యడం మీద నమ్మకం పెట్టుకోకండి.

డిస్పెన్సింగ్_కౌంటర్

ఫైనల్_బెంచ్ గారూ, పాస్ అన్నది సరే. కానీ రెండు లెన్సుల తప్పు ఏ దిక్కున ఉందో చూడండి. కుడి 0.09 ఎక్కువ మైనస్, ఎడమ 0.08 తక్కువ మైనస్. రెండు కళ్ల మధ్య 0.17 తేడా వచ్చింది. రెండూ ఒకే దిక్కున 0.09 తప్పి ఉంటే ఎవరికీ తెలియదు. ఎదురెదురు దిక్కుల్లో తప్పితే కౌంటర్ దగ్గర ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి పోల్చుకునే మనిషి పట్టేస్తాడు. ఈ జతని ఆపమని నేను అనను, 0.17 చిన్నదే. కానీ హద్దుకి దగ్గరగా ఎదురెదురుగా తప్పిన జత, అంటే ఒకటి +0.14, ఇంకోటి -0.14 లాంటిది, టేబుల్ పాస్ చేసినా ఒక లెన్స్ మళ్లీ చేయించండి. చెకింగ్ రిజిస్టర్‌లో తేడాని ప్లస్ మైనస్ గుర్తుతో సహా రాస్తే ఇది ఇట్టే కనిపిస్తుంది. ‘ఓకే’ అని టిక్ పెడితే ఎప్పటికీ కనిపించదు.

ఫైనల్_బెంచ్

గుర్తుతో రాయడం ఇవాళే మొదలుపెడతాను, మంచి మాట చెప్పారు.

ఇంకో రెండు సందేహాలు. ఇదే కుడి లెన్స్ పాత డ్రమ్ లెన్సోమీటర్‌లో (చేత్తో డ్రమ్ తిప్పి చదివేది) పెద్ద మెరిడియన్ -7.12 దగ్గర ఆగుతోంది, ఆటోలో -7.18. యాక్సిస్ కూడా రెండు మెషీన్లలో ఒకటి రెండు డిగ్రీలు తేడా. దేన్ని నమ్మాలి? రెండోది, సింగిల్ విజన్ పెద్ద మైనస్‌లలో నిలువు ప్రిజమ్ 0.33 దాటినా పాస్ అని కొందరు, కాదని కొందరు అంటున్నారు. నిజం ఏది?

సర్ఫేస్_టు_ఫైనల్

ముందు 0.06 తేడా సంగతి. రెండు మెషీన్లూ సరిగ్గా ఉండి కూడా ఇంత తేడా రావచ్చు. లెన్స్ ఇండెక్స్ వెలుతురు రంగుని బట్టి మారుతుంది. అమెరికాలో ఎక్కువగా 587.56 నానోమీటర్ల పసుపు గీతని ఆధారం చేసుకుంటారు, దాన్నే డి అంటారు. యూరప్, జపాన్‌లో 546.07 ఆకుపచ్చ గీత, అది ఈ. సిఆర్ 39 (మామూలు ప్లాస్టిక్ లెన్స్) అబ్బే విలువ 58, దానిలో ఈ తేడా చిన్నది; అబ్బే తగ్గేకొద్దీ తేడా పెరుగుతుంది. పాలీకార్బొనేట్‌కి అబ్బే 30, 1.67కి 32. వీటిలో పవర్ దాదాపు 0.7 శాతం మారుతుంది. 7.18 మీద అది 0.05. మీ తేడా దాదాపు అంతా ఇక్కడే తేలిపోయింది. ఆటో మెషీన్ సెట్టింగ్‌లో డి/ఈ ఎంపిక, అబ్బే విలువ రెండూ ఉంటాయి. లెన్స్ తయారీదారు ఏ గీతకి పవర్ ఇస్తాడో దానికే పెట్టండి. అబ్బే 58 దగ్గర వదిలేసి 1.67 లెన్సులు కొలిస్తే రోజంతా పెద్ద పవర్లన్నీ ఒకే దిక్కుకి తప్పినట్టు వస్తాయి.

డ్రమ్ మెషీన్‌లో అన్నిటికన్నా ముందు ఐపీస్. లెన్స్ లేకుండా ఐపీస్‌ని పూర్తిగా బయటికి తిప్పి, లోపలి గీతలు మసకబారాక నెమ్మదిగా లోపలికి తిప్పుతూ మొదటిసారి స్పష్టంగా కనిపించిన చోట ఆపండి. అక్కడి నుంచి ఇంకా లోపలికి తిప్పితే కన్ను తనంతట తానే సర్దుకుంటుంది, రీడింగ్ పక్కకి పోతుంది. తరవాత డ్రమ్‌ని ప్లస్ వైపు నుంచి తెస్తూ టార్గెట్ స్పష్టమైన చోట సున్నా పడాలి. పడకపోతే ఆ మెషీన్ మీద ఏ లెన్సూ చూడొద్దు. మనిషి మారిన ప్రతిసారీ ఐపీస్ మళ్లీ సరిచెయ్యాలి. సున్నా ఒక్కటే చాలదు, ±5, ±10, ±15 టెస్ట్ లెన్సులతో కూడా చూడాలి. సున్నా దగ్గర సరిగ్గా ఉండి పెద్ద పవర్లలో తప్పే మెషీన్లు ఉంటాయి.

యాక్సిస్‌కి ఖర్చు లేని పరీక్ష ఉంది. ఫ్రేమ్ రెండు కింది అంచులూ టేబుల్‌కి ఆనించి మామూలుగా యాక్సిస్ చదవండి. తరవాత ఫ్రేమ్‌ని తిప్పి, టెంపుల్స్ మీ వైపు వచ్చేలా పెట్టి, అవే అంచులు ఆనించి అదే లెన్స్‌ని చదవండి. రెండూ కలిపితే 180 రావాలి. 88, 94 వచ్చాయనుకోండి, మొత్తం 182. ఎక్కువైన రెండులో సగం, అంటే 1 డిగ్రీ, టేబుల్ వాలు. అసలు యాక్సిస్ 87. ఈ పరీక్ష రెండు మెషీన్ల మీదా చేస్తే ఏది వంకరగా ఉందో అక్కడే తెలుస్తుంది. 2 డిగ్రీల హద్దు ఉన్న చోట 1 డిగ్రీ టేబుల్ వాలు అంటే సగం హద్దు మెషీనే తినేసింది.

లెన్స్ వెనకవైపు స్టాప్‌కి చదునుగా ఆనాలి. కాస్త ఒరిగితే లేని సిలిండర్ కనిపిస్తుంది. లెన్స్ మీద ప్రొటెక్షన్ ఫిల్మ్ ఉంటే తీసే చూడండి.

నిలువు ప్రిజమ్ విషయంలో రెండు వర్గాలు చెప్పేదీ సగం సగం నిజం. ఆన్సీలో హద్దు 0.33 ప్రిజమ్. నిలువు మెరిడియన్ పవర్ 3.375 దాటితే ప్రిజమ్ బదులు రెండు సెంటర్ల ఎత్తు తేడా 1 మి.మీ. లోపు ఉందా అని చూడాలి. ఈ 3.375 ఎక్కడిదో తేలిక. ప్రిజమ్ = పవర్ × సెంటీమీటర్లలో జరిగిన దూరం. 3.375 × 0.1 అంటే దాదాపు 0.33. అడ్డంగా కూడా అంతే. 2.75 వరకు 0.67 ప్రిజమ్, దాటితే పీడీ (రెండు సెంటర్ల మధ్య దూరం) తేడా 2.5 మి.మీ., ఎందుకంటే 2.75 × 0.25 దాదాపు 0.67.

చెయ్యాల్సిన పద్ధతి ఇదీ. నిలువు మెరిడియన్‌లో ఎక్కువ పవర్ ఉన్న లెన్స్‌ని ముందు పెట్టండి. టార్గెట్ సెంటర్ చేసి చుక్క వెయ్యండి. టేబుల్ ఎత్తు కదపకుండా ఫ్రేమ్ జరిపి రెండో లెన్స్ పెట్టండి. పక్కకి సరిచేసుకున్నాక నిలువుగా ఎంత ప్రిజమ్ కనిపిస్తుందో చూడండి. 0.33 లోపు ఉంటే అయిపోయింది. దాటితే, పవర్ 3.375 పైన ఉంటే, టేబుల్ ఎత్తి లేదా దించి రెండో లెన్స్ అసలు సెంటర్ పట్టుకుని చుక్క పెట్టి, రెండు చుక్కల ఎత్తు తేడా స్కేలుతో కొలవండి. కుడి -7.00, ఎడమ -6.50 అయి ఎడమలో 0.60 కనిపిస్తే ఎత్తు తేడా 0.9 మి.మీ., ఆన్సీలో పాస్. కానీ ఆ మనిషి రెండు కళ్లనీ 0.60 నిలువు ప్రిజమ్ ఎదురెదురుగా లాగుతూనే ఉంటుంది. అడ్డం ప్రిజమ్‌ని కన్ను కొంతైనా ఓర్చుకుంటుంది, నిలువుది చాలా తక్కువ. 6.00 పైన పవర్లలో సెంటర్ ఎత్తు తేడా అర మి.మీ. దాటకుండా చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎడ్జింగ్ (లెన్స్‌ని ఫ్రేమ్ ఆకారానికి కోయడం) బ్లాకర్ సరిగ్గా ఉంటే అది సాధ్యమే.

ఎడ్జింగ్_బ్లాక్

తప్పు దొరికాక అది ఎక్కడ పుట్టిందో కూడా చూడాలి కదా, లేకపోతే మళ్లీ చేసిన లెన్స్ కూడా అలాగే వస్తుంది.

యాక్సిస్ ఒక్కటే తప్పి, స్ఫియర్, సిలిండర్ సరిగ్గా ఉంటే అనుమానం ఎడ్జింగ్ మీద. నీళ్లు, జిడ్డు అంటని టాప్ కోటింగ్ ఉన్న లెన్సుల మీద బ్లాక్ ప్యాడ్ పట్టు తక్కువ. చక్రం బరువు పడగానే లెన్స్ కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. గుర్తుపట్టడం ఇలా: కటింగ్‌కి ముందు యాక్సిస్ గీత మీద మార్కర్‌తో మూడు చుక్కలు పెట్టి, కట్ అయ్యాక బ్లాక్ తియ్యకుండా ఆ చుక్కలు బ్లాక్ గీతతో కలుస్తున్నాయో లేదో చూడండి. జరిగి ఉంటే కోటింగ్ మీద యాంటీ స్లిప్ ఫిల్మ్ వేసి, ఎడ్జర్‌లో స్లిప్పరీ లెన్స్ మోడ్ పెట్టండి. ప్రోగ్రెసివ్‌లో తేలిక మార్గం, ఎన్‌గ్రేవింగ్ గుర్తులు రెండూ ఫ్రేమ్ అడ్డు గీతకి సమాంతరంగా ఉన్నాయో లేదో చూడటమే.

స్ఫియర్ తప్పి, ఒక బ్యాచ్‌లో చాలా లెన్సులు ఒకే దిక్కుకి తప్పితే సర్ఫేసింగ్ వైపు చూడాలి. జనరేటర్ క్యాలిబ్రేషన్, పాలిష్ సమయం, పాత పద్ధతిలో అయితే ల్యాప్ (లెన్స్‌ని రుద్ది నునుపు చేసే అచ్చు) వంపు, దాని మీద వేసే ప్యాడ్ మందం. ప్యాడ్ రకం మార్చి ల్యాప్ లెక్క మార్చకపోతే పవర్ ఖాయంగా జరుగుతుంది. మధ్యలో మాత్రమే టార్గెట్ చెదిరి, పక్కకి జరిపితే స్పష్టంగా ఉంటే అది సర్ఫేస్‌లో మిగిలిన వేవ్. రీడింగ్ పాస్ అయినా ఆ లెన్స్ పంపొద్దు.

ఫ్రేమ్ బిగువుని చాలామంది లెక్కలోకి తీసుకోరు. లెన్స్ ఒకటి రెండు పదో వంతు మి.మీ. పెద్దగా కట్ అయి మెటల్ ఫ్రేమ్‌లో స్క్రూ బిగిస్తే లెన్స్ వంగుతుంది. మధ్యలో 1.0 మి.మీ. మందం ఉన్న మైనస్ లెన్స్‌లో ఆ వంపు సిలిండర్‌గా కనిపిస్తుంది. పోలరిస్కోప్‌లో (లెన్స్‌లోని ఒత్తిడిని చూపే పరికరం) పెడితే అంచు చుట్టూ తెల్లటి పట్టీలు వెలుగుతాయి. స్క్రూ వదులు చేసి మళ్లీ రీడింగ్ తియ్యండి. సిలిండర్ తగ్గితే లెన్స్ మంచిదే, సైజు తగ్గించి మళ్లీ బిగించండి. తగ్గకపోతే లెన్స్ క్లాక్‌తో (సర్ఫేస్ వంపు కొలిచే డయల్) ముందు సర్ఫేస్‌ని రెండు దిక్కుల్లో చూడండి. ఆన్సీలో వార్పేజ్ హద్దు 1.00 డయాప్టర్.

టాలరెన్స్_టేబుల్

కేటీ, డి బైఫోకల్స్ (దగ్గర చూపు సెగ్మెంట్ గుండ్రంగా, డి ఆకారంలో ఉన్నవి) చూసేవాళ్లకి ఒక్కటి చెప్పాలి, ఈ థ్రెడ్‌లో రాలేదు. యాడ్ కొలిచేటప్పుడు లెన్స్‌ని తిప్పి ముందువైపు స్టాప్‌కి ఆనించి దూరం, దగ్గర రెండూ చదివి తేడా తియ్యాలి. సెగ్మెంట్ ముందు సర్ఫేస్ మీద ఉంటుంది కాబట్టి. చిన్న పవర్లలో ఎలా కొలిచినా ఒకటే. పెద్ద ప్లస్‌లో అలా కాదు. ముందు వంపు +10.00, మందం 6 మి.మీ., 1.50 ఇండెక్స్ లెన్స్‌లో నిజమైన 2.50 యాడ్, వెనకవైపు ఆనించి కొలిస్తే 2.74 అని వస్తుంది. హద్దు 0.12, తేడా 0.24. మంచి లెన్స్ రిజెక్ట్ అవుతుంది. ఇంకా దారుణం, 2.25 యాడ్ లెన్స్ పొరపాటున వస్తే వెనకవైపు కొలతలో దాదాపు 2.50లా కనిపించి పాస్ అయిపోతుంది. వెనక సర్ఫేస్ మీద డిజైన్ ఉన్న ఫ్రీఫామ్ ప్రోగ్రెసివ్‌కి మాత్రం వెనకవైపే ఆనించి, కవరు మీది దగ్గర పవర్‌తో పోల్చండి.